చెట్ల నడుమ మంచు జారుడు – తగునా, తగదా?

జారుడుబండ ఎక్కని వారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉండరు! నా చిన్నతనంలో బడులలో ఇనుప జారుడుబల్లలు అరుదు. మా మచ్చ బొల్లారం చుట్టుపక్కల మాత్రం నల్లరాతి గుండ్లకు కొదవ లేదు. అటువంటి ఒక ఏటవాలు బండ మీద గోనెపట్టా వేసుకుని, బర్రున జారేవాళ్ళం. బండ కింద ఒక వేపచెట్టు ఉండేది. ఒకనాడు పట్టా పక్కకు తిరిగి, నేను నేరుగా ఆ చెట్టుకు తగిలాను. మోకాలి చిప్ప పగిలినంత పనయింది. ఆ గాయం మచ్చ ఇప్పటికీ ఉంది. “మచ్చ బొల్లారం అంటే ఇదేనా సార్?” అని మా పిల్లలు నన్ను ఆట పట్టిస్తూ ఉంటారు.

ఈ పాత కథ ఇప్పుడెందుకంటే, మొన్న మా పదో తరగతిలో ఒక అమ్మాయి ఒక ఫోటో తెచ్చింది. వాళ్ళ నాన్న మాజీ సైనికుడు. మా ప్రాంతంలో అటువంటి కుటుంబాలు చాలా ఉన్నవి. ఫోటోలో ఆయన కాశ్మీరులోని గుల్మార్గ్‌లో కాళ్ళకు పొడుగాటి పలకలు కట్టుకుని మంచు మీద నిలబడి ఉన్నాడు. వెనుక పొడుగాటి ఫర్ చెట్ల అడవి. “సార్! వచ్చే శీతాకాలం మా అన్న అక్కడికే స్కీ నేర్చుకోవడానికి వెళుతున్నాడు. చెట్ల మధ్య నుంచి జారడం చాలా సరదా అట. కొన్ని దేశాలలో అలా జారనిస్తారట, కొన్నిచోట్ల తప్పు అంటారట. ఎవరిది సరి? మా అన్నకు ఏమని చెప్పమంటారు?” అని అడిగింది.

మంచి ప్రశ్న. అడిగినంతలోనే తరగతి రెండుగా చీలిపోయింది. “జారనివ్వాలి” అని సగం మంది, “వద్దు” అని సగం మంది. మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడని మనం కూడా ఈ ప్రశ్నకు జవాబు వెదకవచ్చును. ఎందుకంటే దీనికి కావలసినది మంచు కాదు, మీ ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రమూ, కాస్త జీవశాస్త్రమూ. రండి, చూద్దాం.

పలకల రహస్యం

మెత్తని కొత్త మంచు మీద మామూలు బూట్లతో నడిస్తే మోకాలి దాకా దిగబడతాము. మరి స్కీ కట్టుకున్నవాడు దిగబడడేం? పీడనమంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది అని చదువుకున్నారు గదా! రెండు బూట్ల అడుగుభాగం కలిపి సుమారు 450 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. ఒక్కొక్క స్కీ 170 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పు ఉంటే, రెండింటి వైశాల్యం 2,720 చ.సెం.మీ. అంటే ఆరు రెట్లు! మనిషి బరువు మారలేదు, మంచు మీద పడే పీడనం మాత్రం ఆరో వంతుకు తగ్గింది. పైగా పలక అడుగు నున్నగా ఉండడం వల్ల ఘర్షణ చాలా తక్కువ. ఇక వాలు ఉంటే చాలు, గురుత్వాకర్షణే ఇంజను!

మన దేశంలో ఈ విద్య సైనికులకు ఆట మాత్రమే కాదు, అవసరం కూడా. 1948లోనే గుల్మార్గ్‌లో సైన్యం ఒక స్కీ పాఠశాలను నెలకొల్పింది. అదే తరువాత పెరిగి పెద్దదై, ఎత్తయిన పర్వతాలలో యుద్ధవిద్య నేర్పే పాఠశాల అయింది. 1998లో గుల్మార్గ్‌లో తీగెల మీద నడిచే గొండోలా మొదలయింది. 2005లో దాని రెండవ దశ అఫర్వత్ కొండ పైదాకా సాగింది. దానితో సామాన్యులు కూడా సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తు నుంచి జారుతూ దిగగలుగుతున్నారు. పైభాగంలో చెట్లు లేని బోడి వాలులు; కిందికి దిగితే ఫర్, పైన్ వంటి శృంగాకార వృక్షాల అడవి.

చెట్ల తరఫున వాదన

మొదట “జారనివ్వాలి” అనేవారి మాట విందాం. వారి వాదనలో పస లేకపోలేదు.

మంచు కురుస్తున్నప్పుడు, మబ్బు కమ్మినప్పుడు బోడి వాలు మీద ఆకాశమూ నేలా ఒకే తెలుపుగా కలిసిపోతాయి. ఎత్తేదో పల్లమేదో కంటికి తెలియదు. మనం చూసేది వస్తువును కాదు, వెలుగునీడల తేడాను. నీడ లేకపోతే ఆకారం లేదు. అటువంటి సమయంలో నల్లని చెట్టు మాను కంటికి ఆధారమవుతుంది. రెండవది, చెట్లు గాలిని అడ్డుకుంటాయి. బోడి వాలు మీది మంచును గాలి ఊడ్చి, గట్టిగా చేస్తుంది. చెట్ల నీడన ఉన్న మంచు చాలా రోజులు దూదిలా మెత్తగా ఉంటుంది. మూడవది, మనిషి స్వభావం. “వద్దు” అన్నచోటికే కుర్రవాళ్ళు తాడు కింద నుంచి దూరి వెళతారు. దొంగచాటుగా వెళ్ళినవాడికి ఆపద వస్తే, వెదకడం ఎక్కడ?

ఈ మూడూ నిజాలే. అయితే ఇప్పుడు రెండవ పక్షం లెక్కలు చూడండి.

లెక్క చెప్పే నిజం

గతిజశక్తి = ½ × ద్రవ్యరాశి × వేగం × వేగం. 60 కిలోల యువకుడు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో జారుతున్నాడనుకోండి. మన సైకిలు పందెంలో కూడా ఇంత వేగం సాధ్యమే. అంటే సెకనుకు 10 మీటర్లు. అతని గతిజశక్తి 3,000 జౌళ్ళు. ఇంత వేగం రావాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలి? వేగపు వర్గాన్ని 2g తో భాగించండి. సుమారు 5 మీటర్లు వస్తుంది. డాబా ఇంటి కప్పు కంటే ఎక్కువ ఎత్తు!

వేగం రెట్టింపయితే? గంటకు 72 కి.మీ. అయితే ఎత్తు 10 మీటర్లు కాదు, 20 మీటర్లు. ఆరంతస్తుల మేడ! వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగింతలవుతుందని గుర్తుంచుకోండి. మీరు రేపు మోటారు సైకిలు నడిపే వయసు వచ్చాక కూడా ఈ మాట మరచిపోవద్దు.

ఇంకొకటి. దెబ్బను నిర్ణయించేది వేగం ఒక్కటే కాదు, ఎంత దూరంలో ఆగుతామన్నది కూడా. మన యువకుడు బోడి వాలు మీద పడి, మెత్తని మంచులో 5 మీటర్లు దొర్లి ఆగాడనుకుందాం. అతని మీద పనిచేసే సగటు బలం సుమారు 600 న్యూటన్లు, అంటే దాదాపు అతని బరువంత. లేచి మంచు దులుపుకుని నవ్వుతాడు. అదే వేగంతో చెట్టుకు తగిలి 10 సెంటీమీటర్లలోనే ఆగితే? బలం 30,000 న్యూటన్లు. మూడు టన్నుల బరువు మీద పడినట్లు! చెట్టు కదలదు, లొంగదు.

“హెల్మెట్ పెట్టుకుంటే సరి గదా సార్?” అన్నాడు వెనుక బెంచీ అబ్బాయి. పెట్టుకోవలసిందే. కాని స్కీ హెల్మెట్లను గంటకు సుమారు 20 కి.మీ. వేగంతో తగిలే దెబ్బకు పరీక్షిస్తారు. అంతకు మించిన వేగంలో పూర్తి రక్షణ ఇస్తాయని నమ్మరాదు. పైగా దెబ్బ తలకే తగలాలని ఎక్కడుంది?

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. 1964లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆ ఏడే భారతదేశం తొలిసారిగా శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్నది. జెరెమీ బుజకౌస్కీ అనే ఒకే ఒక క్రీడాకారుడు మన తరఫున స్కీ పోటీలో దిగాడు. అదే పోటీ కోసం అభ్యాసం చేస్తూ ఆస్ట్రేలియాకు చెందిన రాస్ మిల్న్ అనే 19 ఏళ్ళ యువకుడు బాట తప్పి, చెట్టుకు తగిలి ప్రాణం కోల్పోయాడు. అతడు ఒలింపిక్ క్రీడాకారుడు, కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాదు! 1997 డిసెంబరు 31న అమెరికాలోని ఆస్పెన్‌లో అధ్యక్షుడు కెనెడీ సోదరుని కుమారుడు మైకేల్ కెనెడీ, 1998 జనవరి 5న మరో కొండ మీద గాయకుడూ, అమెరికా కాంగ్రెస్ సభ్యుడూ అయిన సోనీ బోనో, వారం రోజుల తేడాలో ఇద్దరూ చెట్లకు తగిలే మరణించారు.

చెట్టు కింద దాగిన గొయ్యి

చెట్టుకు తగలడం కంటికి కనిపించే ఆపద. కనిపించని ఆపద మరొకటి ఉంది. దానిని మీ ఇంట్లోనే చూడవచ్చును.

ఒక పళ్ళెంలో మట్టిముద్ద పెట్టి, దానిలో గుబురుగా ఉన్న చిన్న తులసి కొమ్మనో, సరుగుడు కొమ్మనో నిలబెట్టండి. పైనుంచి జల్లెడతో బొంబాయి రవ్వ నెమ్మదిగా జల్లండి. రవ్వే మీ మంచు. కాసేపయ్యాక చూడండి: కొమ్మ చుట్టూ రవ్వ మందంగా పేరుకుంటుంది, కొమ్మ కింద, కాడ చుట్టూ మాత్రం పల్చగా, గొయ్యిలా ఉంటుంది. కొమ్మ గొడుగులా రవ్వను ఆపింది గదా! (రవ్వను పారేయకండి, అమ్మ ఊరుకోదు.)

మంచుదేశాలలో ఫర్ చెట్టు కింద సరిగ్గా ఇదే జరుగుతుంది. చుట్టూ మీటరు, రెండు మీటర్ల మంచు పేరుకుంటే, మాను చుట్టూ లోతైన గొయ్యి ఏర్పడుతుంది. కింది కొమ్మలు దానిని కప్పి ఉంచుతాయి. జారుతున్నవాడు చెట్టుకు మరీ దగ్గరగా వెళితే తలకిందులుగా అందులో పడిపోతాడు. కాళ్ళకున్న పలకలు పైన కొమ్మలలో చిక్కుకుంటాయి. పెనుగులాడేకొద్దీ పైనున్న మంచు జలజల రాలి ముఖం చుట్టూ నిండుతుంది. వదిలిన ఊపిరినే మళ్ళీ పీల్చవలసి వస్తుంది. కార్బన్ డయాక్సైడు పెరిగి, ఆక్సిజన్ తగ్గి, కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పుతుంది.

ఉత్తర అమెరికాలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన వారిని, తగిన జాగ్రత్తలతో ఇటువంటి గోతులలో దింపి రెండు ప్రయోగాలు చేశారు. వారిలో నూటికి 90 మంది ఎవరి సాయమూ లేకుండా పైకి రాలేకపోయారు! అందుకే మంచు కొండలలో ఒక నియమం ఉంది: చెట్ల మధ్యకు ఒంటరిగా వెళ్ళకు, వెళ్ళినా తోడుగాడు కంటికి కనబడుతూ ఉండాలి. “కింద కలుసుకుందాం” అనుకుంటే చాలదు. వాడు పైకి ఎక్కి వచ్చేలోగా ఆలస్యమైపోతుంది.

చెట్లుంటే మంచు చరియలు పడవా?

“చెట్లు మంచును పట్టి ఉంచుతాయి గదా, అడవిలో చరియలు విరిగిపడే భయం లేదు” అని చాలామంది నమ్ముతారు. గుల్మార్గ్ అఫర్వత్ వాలుల మీద 2023 ఫిబ్రవరిలో చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లోనే మరొక చరియ కింద ఒక రష్యా దేశస్థుడు మరణించారు. కాబట్టి ఇది మన దేశపు ప్రశ్న కూడా.

దట్టమైన అడవి నిజంగానే మంచును మేకులు కొట్టినట్లు పట్టి ఉంచుతుంది. స్విట్జర్లాండులోని ఆండర్‌మాట్ గ్రామస్థులు 1397లోనే తమ ఊరి పైనున్న అడవిలో చెట్టు కొట్టరాదని కట్టడి చేసుకున్నారు. చెట్టు పోతే కొండ మీది మంచు తమ ఇళ్ళ మీదికి వస్తుందని వారికి తెలుసు. న్యూటన్ పుట్టడానికి రెండు వందల ఏళ్ళకు ముందు మాట ఇది!

కాని ఇక్కడొక తిరకాసు ఉంది. మంచును గట్టిగా పట్టి ఉంచేటంత దట్టంగా చెట్లుంటే వాటి మధ్య జారడానికి సందు ఉండదు. హాయిగా జారడానికి వీలైనంత ఎడంగా చెట్లున్నాయంటే, అవి మంచును నమ్మకంగా పట్టి ఉంచలేవు! పైగా చరియ వచ్చినప్పుడు అవే చెట్లు అందులో కొట్టుకుపోయేవానికి దెబ్బలవుతాయి. బాగా ఆలోచించి చూడండి, ఈ ఒక్క వాక్యంలో సగం జవాబు ఉంది.

మరి చెట్టు మాటేమిటి?

ఇంతవరకూ మనిషికి చెట్టు వల్ల కలిగే ప్రమాదం గురించే మాట్లాడుకున్నాము. చెట్టుకు నోరు లేదు. దాని తరఫున కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి గదా!

స్కీ పలకల అంచున పదునైన ఉక్కు బద్దీ ఉంటుంది. మంచు లోతుగా ఉంటే చిన్న మొక్కలు కింద భద్రంగా దాగి ఉంటాయి. మంచు తక్కువైన రోజున వాటి తలలు పైకి పొడుచుకు వస్తాయి. ఉక్కు అంచు వాటి మీదుగా వెళితే అగ్రకోరకం, అంటే కొనమొగ్గ, తెగిపోతుంది. శృంగాకార వృక్షాలు నిటారుగా పెరిగేది ఆ కొనమొగ్గ వల్లనే. కొండల మీద చలి ఎక్కువ, ఎదిగే కాలం తక్కువ. అక్కడ మొక్క మనిషెత్తు కావడానికే ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఇప్పటి పెద్ద చెట్లు చూడడానికి బాగానే ఉంటాయి. వాటి తరువాత నిలబడవలసిన పిల్లచెట్లే ఉండవు. అడవికి ముసలివాళ్ళు మిగిలి, పిల్లలు లేకుండా పోయినట్లన్నమాట!

ఇక జంతువులు. ఆల్ప్స్ పర్వతాలలో కోడి జాతికి చెందిన బ్లాక్ గ్రౌస్ అనే పక్షి ఉంది. శీతాకాలంలో తిండి తక్కువ గనుక అది మంచులో బొరియ తవ్వుకుని రోజులో ఎక్కువ భాగం కదలకుండా ఉంటుంది. శక్తిని పొదుపు చేసుకోవడమే దాని బతుకు తెరువు. జారేవాడు బొరియ పక్క నుంచి వెళితే పక్షి ఉలిక్కిపడి ఎగిరిపోతుంది. దాచుకున్న శక్తి ఖర్చవుతుంది. స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 2007లో ప్రచురించిన పరిశోధనలో ఈ పక్షుల రెట్టలను పరీక్షించి, మంచు ఆటలు ఆడేచోట ఉన్న పక్షులలో ఒత్తిడికి సంబంధించిన హార్మోను ఎక్కువగా ఉన్నట్లు కనుగొన్నారు. మనిషి సరదాగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పక్షి ఆ రాత్రి చలికి ఎలా తట్టుకున్నదో అతనికి తెలియదు!

చట్టాలు ఏమంటున్నాయి?

ఆస్ట్రియా 1975లో చేసిన అటవీ చట్టం చూడండి. అడవిలో ఎవరైనా విహారానికి వెళ్ళవచ్చునని అది చెబుతుంది. కాని మూడు మీటర్ల ఎత్తు దాటని లేత అడవిలోకి వెళ్ళకూడదు. కొండ ఎక్కించే లిఫ్టుల దగ్గరలోని అడవిలో గుర్తులు పెట్టిన బాటల మీద తప్ప జారకూడదు. ఎంత తెలివైన చట్టమో గమనించారా? అడవి నుంచి మనిషిని వెళ్ళగొట్టలేదు. పిల్లచెట్లకు మాత్రం కాపలా పెట్టింది.

జపానులోని నిసెకోలో మరొక పద్ధతి. కట్టిన తాడు కింద నుంచి దూరడం తప్పు. కాని కొన్నిచోట్ల గేట్లు పెట్టి, మంచు స్థితి బాగున్న రోజున తెరుస్తారు, బాగాలేని రోజున మూసివేస్తారు.

హద్దు లేకపోతే ఏమవుతుందో 2007లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో తెలిసింది. బిగ్ జే అనే కొండ మీద ఇద్దరు మనుషులు తమ జారుడు సరదా కోసం ప్రభుత్వ అడవిలో వందలాది చెట్లను నరికి దారి చేశారు. వారికి శిక్ష పడింది. చెట్లు మాత్రం తిరిగి రాలేదు.

నా తీర్పు

ఇన్ని విన్న తరువాత మా తరగతిలో మళ్ళీ చేతులెత్తమన్నాను. ఈసారి “జారనివ్వాలి”, “వద్దు” అనే రెండు గుంపులూ తగ్గిపోయి, మధ్యలో మూడో గుంపు ఒకటి పుట్టింది: “కొన్నిచోట్ల, కొన్ని షరతులతో!” నేనూ ఆ గుంపులోనే చేరాను. షరతులు ఇవి:

ఒకటి: పెద్ద చెట్లు ఎడంగా, వాలు తక్కువగా ఉన్న తావులను ముందే ఎంచి, హద్దులు గుర్తించాలి. రెండు: మంచు లోతు చాలని రోజున, చరియల భయం ఉన్న రోజున గేటు మూయాలి. మూడు: లేత అడవీ, జంతువులు శీతాకాలం తలదాచుకునే చోట్లూ ఎప్పటికీ మూసే ఉండాలి. నాలుగు: ఒంటరిగా ఎవరినీ పంపరాదు. అయిదు: కొత్తగా నేర్చుకునేవారికి అసలే వద్దు. వంకర తిరగడం, కావలసినచోట ఆగడం రానివాడికి చెట్ల మధ్య పని లేదు.

ఆ అమ్మాయి ఇవన్నీ కాగితం మీద రాసుకుంది. అన్నకు చెప్పడానికి చివర తానే ఒక వాక్యం చేర్చింది: “అన్నా, ఆగడం బాగా వచ్చాకనే చెట్ల దిక్కు చూడు.” నేను ఇంతసేపు చెప్పిన పాఠం ఆమె ఒక్క ముక్కలో చెప్పేసింది!

మంచు లేని ఊరిలో

మనకు మంచు లేదు. అయినా ఈ ప్రశ్న మనది కూడా. మేడ్చల్ దారిలోని కండ్లకోయ ఆక్సిజన్ పార్కులోనో, జాతీయ ఉద్యానవనంగా ప్రకటించిన జూబిలీ హిల్స్ కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులోనో మీరు నడిచే ఉంటారు. అక్కడ నడకకు బాటలున్నవి. “అడ్డదారిన చెట్ల మధ్య నుంచి పోదాం రా” అని ఎవరో ఒకరు అంటారు. ఒక్కడు నడిస్తే గడ్డి వంగి లేస్తుంది. వందమంది నడిస్తే కొత్త బాట పడుతుంది. నేల గట్టిపడి, మట్టిరేణువుల మధ్యనున్న సందులు మూసుకుపోతాయి. వాననీరు ఇంకదు, వేర్లకు గాలి అందదు, గింజ మొలవదు.

నమ్మకం లేకపోతే మీరే పరీక్షించండి. రెండు వైపులా తెరచి ఉన్న జానెడు పి.వి.సి. గొట్టం ముక్క తీసుకోండి. మీ బడి ఆవరణలోనే జనం నడిచే బాట మీద ఒకసారి, ఎవరూ తొక్కని చెట్టు కింద మరొకసారి దానిని రెండు వేళ్ళ లోతు నేలలోకి దింపండి. గ్లాసు నీళ్ళు పోసి, పూర్తిగా ఇంకడానికి ఎంతసేపు పట్టిందో గడియారంలో చూసి రాసుకోండి. మా బడిలో చెట్టు కింద నీరు ఇంకిపోయి చాలాసేపయినా, బాట మీద గొట్టంలో నీరు ఇంకా అలాగే నిలిచి ఉంది. మీ బడిలో ఎంత తేడా వచ్చిందో చూడండి.

గుల్మార్గ్ ఫర్ మొక్కకైనా, మన సీతాఫలం మొలకకైనా కోరిక ఒకటే: తలెత్తేదాకా తొక్కకుండా ఉంటే చాలు. ఇన్నేళ్ళ తరువాత నా మోకాలి మచ్చను చూసుకుంటే నాకు ఆ వేపచెట్టు మీద కోపం రాదు. అది తన చోటనే నిలబడి ఉంది. బాట తప్పింది నేను!